నూట ఇరవై ఎడమ చేతులు

వాళ్ల కుటుంబంలో చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లు వయసు వరస తప్పకూడదు. ముందు అందరికంటే పెద్దవాళ్ల గడప తొక్కాలి, తర్వాతే చిన్నవాళ్లది. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు గానీ, తప్పినవాళ్లను మాత్రం ఏళ్ల తరబడి దెప్పిపొడిచేవాళ్లు.

బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు ఆ రోజు సెలవు పెట్టి బయల్దేరింది బాబాయి కోసం. వారం కిందట బాబాయి కూతురు ఫోన్ చేసింది.

"నాన్న పొద్దున పూట బాగానే ఉంటున్నారన్నయ్యా. అందరినీ గుర్తుపడతారు. భోజనం అయ్యాక మాత్రం నన్నే ఎవరమ్మా నువ్వు అంటున్నారు. వస్తే పదిలోపే రా."

ఇంక వాయిదా వేస్తే ఆ పొద్దుటి పూట కూడా మిగలదని మాస్టరుకు అర్థమైంది. ముప్పై ఏళ్లుగా గొంతుకు అడ్డంపడిన మాట ఒకటి ఆయనకు చెప్పాలి.

బాబాయి దర్జీ. మాస్టరుకు కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. పంతొమ్మిదేళ్ల వయసులో, బాబాయి జ్వరంతో పడుకున్న రోజున, ఒక బడికి కుట్టాల్సిన అరవై చొక్కాల గుడ్డను ఇతను ఒక్కడే కోశాడు. గుడ్డను ముఖానికి ముఖం కలిపి మడిచి కోస్తే చొక్కాకు కుడి చెయ్యి ఒకటి, ఎడమ చెయ్యి ఒకటి వస్తాయి. కుర్రతనం తొందరలో అన్ని పొరలనూ ఒకే వైపుకు పరిచి కోసేశాడు. నూట ఇరవై చేతులూ ఎడమవే వచ్చాయి. బడి తెరిచే రోజుకు చొక్కాలు అందలేదు. హెడ్మాస్టరు దుకాణానికి వచ్చి నలుగురిలో బాబాయిని కడిగేశాడు. ముసలాడికి కళ్లు మందగించాయని వీధంతా అనుకుంది. నిజానికి బాబాయికి అప్పటికి యాభై కూడా నిండలేదు. ఆయన తల వంచుకుని ఆ మాటలన్నీ పడ్డాడు. ఇతనేమో మూల నిలబడి, ఎక్కించిన సూదిలోకే మళ్లీ దారం ఎక్కిస్తున్నాడు. ఏడాది తిరిగేసరికి బేరాలు పలచబడి దుకాణం మూతపడింది. ఆ తర్వాత ఇతను మొహం చెల్లక పెళ్లిళ్లలో దూరం నుంచే ఒక దండం పెట్టి తప్పుకునేవాడు.

తొమ్మిదింటికి అత్తయ్య ఇంట్లో ఉన్నాడు. బాబాయికి అక్క, ఎనభై నాలుగేళ్ల మనిషి. పది నిమిషాలు కూర్చుని లేద్దామనుకున్నాడు.

"ముందు వాడింటికి వెళ్లావేమో అనుకున్నా," అంది ఆవిడ, సగం మెచ్చుకోలుగా, సగం బెదిరింపుగా.

"వరస తప్పుతానా అత్తయ్యా."

మోకాళ్ల నొప్పుల కథ అయింది. కోడలి మీద ఫిర్యాదులు అయ్యాయి. ఆల్బమ్ బయటికి వచ్చింది. అందులో ప్రతి ఫొటోలోనూ ఆవిడే మధ్యన ఉంది. లేచినప్పుడల్లా "కూర్చోరా, మునిగిపోయేదేముంది" అంటూ చెయ్యి పట్టుకుంది. చివరికి విస్తరి ముందు కూర్చోబెట్టింది. నేను వెళ్లాలి అని గట్టిగా ఒక్క మాట అంటే ఆవిడేం కొరుక్కుతినేది కాదు. కానీ అనలేదు. గడియారం పది దాటింది, పదకొండు దాటింది. లోపల ప్రాణం పీకుతూనే ఉన్నా, ఇంకాసేపు తప్పించుకోవచ్చని మనసులో ఒక మూల హాయిగా కూడా ఉంది. అంత పిరికితనం ఇంకా తనలో మిగిలి ఉందని అతనికి సిగ్గేసింది.

బాబాయి ఇల్లు చేరేసరికి రెండు దాటింది. చెల్లెలు తలుపు తీసింది.

"పొద్దున ఏడింటికే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. అక్క దగ్గరికి వెళ్లొస్తాడులే, వరస నేర్పింది నేనే కదా అన్నారు. పన్నెండు దాకా గుమ్మంలోనే కూర్చున్నారు."

మాస్టరు ఉసూరుమంటూ లోపలికి నడిచాడు. కిటికీ పక్క కుర్చీలోంచి బాబాయి మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"రండి. కొలతలకేనా?"

"బాబాయ్, నేను."

ఆయనకు ఆ మాట ఎక్కలేదు. దగ్గరికి వచ్చి, టేపు లేకుండానే జానతో అతని భుజాలు కొలిచాడు.

"ఎడమ భుజం కాస్త దిగుడు. మా అన్న కొడుకుదీ ఇంతే. పనిమంతుడు. ఒకసారి మాత్రం అరవై చొక్కాలకు అన్నీ ఎడమ చేతులే కోశాడు." ఆయన ముసిముసిగా నవ్వాడు. "అందరూ నా కళ్లు పోయాయన్నారు."

మాస్టరు ఆయన వైపు తిరిగాడు. "వాడు కోశాడని మీకు అప్పుడే తెలుసా?"

"జ్వరంలో ఉన్నవాణ్ని, నేనెలా కోస్తాను? వాడే నోరు విప్పుతాడని చూశాను. పిల్లాణ్ని నలుగురిలో నిలబెట్టడం ఎందుకు?"

"విప్పాడా?"

"ఇంకా లేదు. పొద్దున వస్తానన్నాడట. దానికే అయ్యుంటుంది."

మాస్టరు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఆ చేతులు కోసింది నేనే బాబాయ్. తప్పు నాది. ఆ రోజే చెప్పాల్సింది."

ముసలాయన అతని మొహంలోకి చూశాడు. తర్వాత తన చేతులు మెల్లగా విడిపించుకుని, అతని భుజం తట్టాడు.

"మీరు మంచివారిలాగున్నారు. కానీ వాడి తప్పు మీరు నెత్తినేసుకుంటే ఎలా? అది వాడి నోటే వినాలి నేను."