బిఫోర్ ఆంటీ

"పూసుకొని చెప్పు, జర జల్ది" అని మా ఆయన కమలాకర్ రొట్టెల పీట పక్కన ఇంకో డబ్బా పెట్టాడు. కూరలో ఉప్పు చూసి చెప్పమన్నంత మామూలుగా. నా చేతుల నిండా పిండి, పెనం మీద రొట్టె. మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "ఇది మగోళ్ల క్రీము. కొత్త మాల్. ఆదివారం సమాజ్ హాల్ల అందరి ముంగట పూసుకొని ఫోన్ల లైవ్ ఇస్త" అన్నాడు. మగవాళ్ల క్రీమట! పడుతుందో లేదో తేలాల్సింది మాత్రం నా మొహం మీద. "మగోళ్లదైతే నువ్వే ముందు పూసుకొని చూడరాదు?" అన్నాను. నవ్వాడు. "నాది మొద్దుతోలు, నాకేం తెలుస్తది? నీ మొఖమైతే అబద్ధమాడదు." ఈలోగా రొట్టె మాడింది. ముందుగదిలోంచి మా అత్తమ్మ పోశమ్మ, "పొయ్యి మీద ధ్యాసుండదు గని క్రీములైతే రోజుకొక్కటి గావాలె" అంది.

ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. నేను కావాలన్నానా? పదహారో ఏట మొటిమలు మొదలైనప్పటి నుంచీ నా మొహానికి ఏదీ పడదు. శనగపిండి పడదు, పసుపు పడదు. వేపాకు నూరి పూస్తే రెండు రోజులు కళ్లు తెరవలేకపోయాను. సబ్బు మారితే ఉబ్బుతుంది, చెమట పడితే మండుతుంది. పెళ్లిచూపుల్లో అత్తమ్మ నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "గింజలే గదా, పెండ్లైతే పోతయి తియ్" అంది. పెళ్లయి, సిరిసిల్ల విడిచి సూరత్ వచ్చి, ఈ గోడాదరాలో రెండు గదుల ఇంట్లో తొమ్మిదేళ్లు గడిచాయి. గింజలు పోలేదు. వాటికి ఒక ఉద్యోగం దొరికింది, అంతే.

కమలాకర్ మగ్గాల కార్ఖానాలో మాస్టర్‌గా చేసేవాడు. నాలుగేళ్ల కింద అది మానేసి క్రీముల ధందా మొదలుపెట్టాడు. ఊరి చివర సచిన్ అనే ఫ్యాక్టరీల పేటలో ఎవరో తయారుచేసేది డ్రమ్ముల్లో తెస్తాడు. చిన్న డబ్బాల్లో నింపేది నేను. స్టిక్కర్లు అంటించేది నేను. "దీదీ, సైడ్ ఎఫెక్ట్ తో నహీ హోగా నా?" అని ఫోన్లో అడిగే ఆడవాళ్లందరికీ ఓపిగ్గా జవాబు రాసేది నేను. ఆయనకు మెసేజీలు టైపు చేయడం చిరాకు, అందుకని పేజీ అంతా నా చేతుల్లోనే ఉంటుంది. డబ్బా మీద పేరు మాత్రం మా ఆడబిడ్డది. "హారతి గ్లో." హారతికి పుట్టుకతోనే గుడ్డు ఒలిచినట్టుండే చర్మం. అన్న క్రీమును ఆమె ఒక్కనాడూ ముట్టుకోలేదు. "నాకొద్దన్నా, నీ మాల్ నువ్వే పెట్టుకో" అంటుంది, షాపింగ్ మాల్‌లో కొన్న ఫేస్‌వాష్ సంచిలో పెట్టుకుంటూ.

డ్రమ్ము ఏదొచ్చినా ముందు నా మొహానికే. మొదటిసారి నేను ఏడ్చినప్పుడు కమలాకర్ చాలా నిదానంగా నచ్చజెప్పాడు. "బేపారి బట్ట తాన్ కొనేటప్పుడు ఏం జేస్తడు? ఒక్క దారం గుంజి, అగ్గిపుల్లతోని కాల్చి చూస్తడు. వాసన బట్టి అసలా నకలా చెప్తడు. దారం కాలిందని ఎవలన్నా ఏడుస్తరా?" అన్నాడు. ఆ తర్వాత నా మొహం మండితే డ్రమ్ము సచిన్‌కు తిరిగిపోయేది, మండకపోతే డబ్బాల్లోకి వెళ్లేది. మండిన వారం పొడుగునా నన్ను అటువైపు తిరిగి పడుకోమనేవాడు. "నాలుగు రోజులు ఓర్చుకో, లోపటి మురికి బయటికొస్తది" అనేవాడు. బయట మాత్రం, "మా క్రీము ఎవలికి పడలేదని ఒక్క ఫిర్యాదు లేదు" అని రొమ్ము విరుచుకుని చెప్పుకునేవాడు. ఎందుకు లేదో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పటికి పదహారు క్రీములయ్యాయి.

అది కూడా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది నిరుడు జరిగింది. దవడ మీద పుండ్లు పడి చీము కారుతుంటే పక్కింటి పద్మారాణి నన్ను బలవంతంగా చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ ఒక ట్యూబు, మెత్తటి సబ్బు రాసి, "ఇవి తప్ప ఇంకేదీ మొహానికి తాకనివ్వొద్దు" అని హిందీలో గట్టిగా చెప్పింది. కొత్త క్రీములు రాని కాలం అది. మూడు నెలలకు నా చెంపలు నాకే కొత్తగా కనిపించాయి. అద్దం ముందు నిలబడి వేలితో తాకి చూసుకుని, సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఏడ్చాను. సంతోషంతో. కమలాకర్ మాత్రం తలపట్టుకు కూర్చున్నాడు. "గిట్ల నున్నగైతే బిఫోర్ ఫోటో ఎట్ల దియ్యాలె? మందు పూస్తే టెస్ట్ ఎట్ల తెలుస్తది?" అన్నాడు. మర్నాడు ట్యూబు కనిపించలేదు. సగం కూడా అయిపోని ట్యూబు. చెత్తబుట్టలో అడుగున, టీ పొడి కింద దొరికింది. చీల్చేసి ఉంది.

వారంలో మొటిమలు తిరిగొచ్చాయి. ఆయన నన్ను కిటికీ పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. "మొఖం వెలుగు దిక్కు తిప్పు. నవ్వకు, బిఫోర్‌ల నవ్వొద్దు. జర బాధగ చూడు." బాధగా చూడమని వేరే చెప్పాలా! ఎడమవైపు నా మొహం, కళ్లతో సహా పూర్తిగా. కుడివైపు హారతి చెంప ఒక్కటే. పైన బిఫోర్, ఆఫ్టర్. "హారతి పూర్తి మొఖం పెట్టవా?" అంటే, "పెండ్లి గావాల్సిన పిల్ల, నలుగురు చూస్తే ఏం బాగుంటది?" అన్నాడు. నన్ను నలుగురు కాదు, నలభై వేల మంది చూశారు.

సంతలో వంకాయలు ఏరుతుంటే ఒక గుజరాతీ పిల్ల తన స్నేహితురాలి మోచేయి పొడిచి, "అరే, వో బిఫోర్‌వాలీ!" అంది. ఇద్దరూ ఫోన్ తీసి నన్నూ, ఫోన్‌నూ మార్చి మార్చి చూశారు. తర్వాత మా గల్లీలో పిల్లలు కూడా అదే పేరు పట్టుకున్నారు. బిఫోర్ ఆంటీ. ఇంటికొచ్చి ఆ ఫోటో తీసెయ్యమని కమలాకర్‌ను బతిమాలాను. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "దాంతోనే గదా బేరమైతంది" అన్నాడు. అత్తమ్మ ఇంకో మాట కలిపింది. "ఆ మొఖంతోని గిన్నాళ్లకు నాలుగు పైసలొస్తున్నయంటే సంతోషించాలె గని." నేనే తీసేయగలను, పేజీ నా చేతుల్లోనే ఉంది. రెండుసార్లు తీశాను కూడా. రెండుసార్లూ ఆయన నా ఎదుటే కూర్చుని మళ్లీ పెట్టించాడు. ఆ రోజు వంకాయలు కోస్తూ నిర్ణయించుకున్నాను, బతిమాలడం ఇక అయిపోయిందని.

ఇప్పుడు ఈ పదిహేడోది. మగవాళ్ల క్రీము. తప్పనిసరైతే ముందు చెవి వెనక రాసి చూడమని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది, అందుకని మొహానికి కాకుండా అక్కడ శనగగింజంత రాసుకున్నాను. పావుగంటకే కారం పెట్టినట్టు మండింది. కడిగినా ఆగలేదు. మర్నాటికి అక్కడ తోలు ఉబ్బి, నీరు కారింది. నా మొహం చూసిన పదహారింటిలో ఏదీ ఇంత చేయలేదు. ఎప్పటిలాగే చెప్పేస్తే డ్రమ్ము తిరిగిపోయేది. ఆయన ఎప్పటిలాగే రొమ్ము విరుచుకునేవాడు. పద్దెనిమిదోది వచ్చేది.

నిజం చెబుతున్నాను, ఆయనకు అవకాశం ఇచ్చాను. ఒకసారి కాదు, మూడుసార్లు. శుక్రవారం అన్నం పెడుతూ, "చెవెనుక రాసిన. జర చూడు" అన్నాను. ఫోన్‌లోంచి తలెత్తకుండా, "చూసేదేముంది, నోటితోని చెప్పు" అన్నాడు. శనివారం జుట్టు ముడి పైకి కట్టి, ఆ చెవి ఆయన వైపే ఉండేలా కూర్చుని డబ్బాలు నింపాను. ఎదురుగా కూర్చుని స్టిక్కర్లు లెక్కపెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున ఆయన క్షౌరం చేయించుకుని, గడ్డం నున్నగా గీయించుకుని వచ్చాడు. గుమ్మంలో ఎదురెళ్లి, "ఒక్కసారి నా మొఖం దిక్కు చూసి పో" అన్నాను. "ఏంది వినోదా నీ లొల్లి! పడ్డదా, పడలేదా? ఒక్క మాట చెప్పు."

"పడ్డది" అన్నాను.

నా మొహం అబద్ధమాడలేదు. నేనాడాను. తొమ్మిదేళ్లలో ఆయనతో ఆడిన మొదటి అబద్ధం, చాలా రుచిగా ఉంది.

క్రీము ఇంకెవరి మొహానికీ తగలకూడదని మాత్రం ముందే అనుకున్నాను. ఆయన పూసుకునేది ఒక్కటి తప్ప డబ్బాలన్నీ ఒకే అట్టపెట్టెలో సర్ది, మూడు వరసల టేపు చుట్టి, పద్మారాణికి విషయమంతా చెప్పి హాల్లో ఆ పెట్టె మీద కూర్చోబెట్టాను. పద్మారాణిని లేపడం అంత తేలిక కాదు. ఎవరైనా పెట్టె అడిగితే, "లైవ్ అయిపోనియ్యి బావా, గప్పుడే ఏం తొందర?" అని కదలకుండా కూర్చుంది.

హాల్లో మగ్గాల మీద పనిచేసే మనవాళ్లు యాభై అరవై మంది, వెనక ఆడవాళ్లు. ఫోన్ పట్టుకున్నది నేను. ఎప్పుడూ నేనే కదా! కమలాకర్ కొత్త చొక్కాలో నిలబడి, "మా ఇంట్లనే టెస్ట్ జేసిన మాల్ ఇది. నా భార్య మొఖానికే పడ్డదంటే ఇగ ఎవలికైనా పడుతది" అన్నాడు. నలుగురు నవ్వారు. నా వైపు తిరిగి చూసి మరీ నవ్వారు. ఆయన రెండు వేళ్లతో పెద్ద ముద్ద తీసి, అప్పుడే గీసిన చెంపలకీ, గడ్డానికీ, మెడకీ బాగా రుద్దుకున్నాడు. నేను ఫోన్ కొంచెం దగ్గరికి తీసుకెళ్లాను.

ఐదు నిమిషాలు బాగానే మాట్లాడాడు. ఆ తర్వాత మాట మధ్యలో చెంప గోక్కున్నాడు. "కమలాకర్ అన్నా, గ్లో వచ్చింది, టమాట లెక్క ఎర్రగైనవ్!" అని ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది. ఆయనా నవ్వబోయాడు గానీ నవ్వితే మండింది. కళ్ల కింద ఉబ్బడం ఫోన్‌లో స్పష్టంగా కనిపించింది. మెడ మీద దద్దుర్లు లేచాయి. "నీళ్లు... నీళ్లు తే" అన్నాడు నాతో. "లైవ్ నడుస్తున్నది" అన్నాను. రుమాలుతో మొహం కప్పుకుని బయటికి పరిగెత్తాడు. యాభై మంది మొహాలు చల్లగా, క్షేమంగా, నోళ్లు తెరుచుకుని చూశాయి. పద్మారాణి అప్పుడు కూడా పెట్టె మీద నుంచి లేవలేదు.

ఇంట్లో బకెట్ ముందు కూర్చుని ఆయన మొహం మీద నీళ్లు కొట్టుకుంటూనే ఉన్నాడు. అత్తమ్మ గుండెలు బాదుకుంటోంది. "ఏం పూసినవే నా కొడుక్కు?"

"నేనేం పూయలే అత్తమ్మా. ఆయనే పూసుకున్నడు" అన్నాను. జుట్టు పక్కకు తీసి చెవి వెనక చూపించాను. "మూడు దినాలసంది చూడుమన్న. ఒక్కసారన్న చూడలే."

అత్తమ్మ ముందుకు వంగి ఆ పుండు చూసింది. పెళ్లిచూపుల తర్వాత ఆవిడ నన్ను దగ్గరగా చూడడం అదే.

కమలాకర్ తల ఎత్తాడు. కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. "నాకు చెప్పక..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఎన్నిసార్లు చెప్పబోయానో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. గొంతు తగ్గించి, "డాక్టరమ్మ రాసిన ట్యూబు... ఉన్నదా?" అన్నాడు.

ఉంది. ఆయన చీల్చేసిన నెలలోనే కొత్తది కొని, పూస్తే మళ్లీ కనిపెట్టి చీల్చేస్తాడని ముట్టుకోకుండా, ఈ రోజు కోసమే అన్నట్టు బియ్యం డబ్బాలో దాచుకున్నాను. తెచ్చాను. ఆయన చెయ్యి చాపాడు.

"మందు పూస్తే టెస్ట్ ఎట్ల తెలుస్తది?" అన్నాను.

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన ఎదుటే మూత తీసి, నా చెవి వెనకా, నా చెంపలకూ నిదానంగా రాసుకున్నాను. చల్లగా ఉంది. ఇక నా మొహానికి ఇది తప్ప ఇంకేదీ తాకదు. ట్యూబు మూతపెట్టి కొంగున ముడి వేసుకుని, ఆయన్ను అడిగాను. "పేజీ మీద నా ఫోటో ఉన్న జాగల ఏం పెట్టాల్నో ఎరుకేనా?"

ఆయనకు అర్థమైంది. మొహం పక్కకు తిప్పుకోబోయాడు. గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. తొమ్మిదేళ్ల కింద అత్తమ్మ నా గడ్డం పట్టుకున్నట్టే, సరిగ్గా అంతే గట్టిగా. రెండో చేత్తో ఫోన్ ఎత్తాను. నొప్పికో, భయానికో, ఆయన పెదాలు ఒక పక్కకు సాగాయి.

"నవ్వకు" అన్నాను. "బిఫోర్‌ల నవ్వొద్దు."