అంబలి తినేది కాదు

మా అమ్మాయి చౌడేశ్వరి పరుగులో జిల్లా జట్టుకు ఎంపికైన ఏడాదే, కాలేజీ వైద్యశిబిరంలో దాని రక్తంలో చక్కెర ఎక్కువుందని తేలింది. టౌను డాక్టరు మాత్రలు రాశాడు. మాత్ర వేసుకుని మైదానంలో దిగితే కళ్ళు తిరిగి కూలబడేది. మానేస్తే జబ్బు ముదురుతుందన్నారు. షుగరున్న పిల్లను రాష్ట్ర పోటీలకు తీసుకుపోయి మాటపడలేనని పీఈటీ సారు చెప్పేశాడు.

నాకు లెక్క కుదరలేదు. కుందుర్పిలో మోటార్లు రిపేరు చేసే మా ఆయన ఎర్రిస్వామికీ అదే కొంచెం ఎక్కువ ఎప్పటినుంచో ఉంది. మా అత్త హనుమంతమ్మకూ ఉందని ఎన్నో ఏళ్ళ కిందటే చెప్పారు. ఆమె ఒక్క మాత్ర మింగి ఎరగదు. డెబ్బై దాటినా సూదిలో దారం తనే ఎక్కిస్తుంది. గొర్రెల వెంట తిరిగి ముల్లు గుచ్చుకుంటే ఆ గాయం ఇట్టే మానుతుంది.

ఇదంతా చెబితే, మీ ఇంట్లో వాళ్ళు పరగడుపున రావడం లేదు, ఏదో తినే వస్తున్నారన్నాడు టౌను డాక్టరు. అత్తకు కోపం వచ్చింది.

"అబద్ధం జెప్పే కర్మ నాకేమప్పా? ఏమీ తిన్లేదు. చెంబెడు అంబలి తాగినా, అంతే."

ఆమె అబద్ధమాడలేదు. మా వైపు సంగటి తింటారు, అంబలి తాగుతారు. ఆయన తిన్నావా అనే అడిగాడు.

మళ్ళీ పరీక్షకు ఏర్పాటు చేశాను. ముందురోజు సాయంత్రమే అంబలి కుండను పక్కింటి రంజాన్ బీకి అప్పగించాను. నీ కోడలు కుండ జప్తు చేసింది గదక్కా అని ఆమె అత్తను ఏడిపించింది. తెల్లవారి ముగ్గురూ ఖాళీ కడుపుతో రక్తమిచ్చారు. ముగ్గురికీ నూట ఇరవై అటూ ఇటూగానే వచ్చింది. తిన్నాక చూసినా పెద్దగా పెరగలేదు. తప్పు అంబలిది కాదు. ముదిరే జబ్బయితే అత్తలో ఇన్నేళ్ళు ఒకేచోట నిలబడి ఉండదు. ముగ్గురినీ బెంగళూరు తీసుకుపోయాను.

అక్కడి డాక్టరమ్మ అత్త కళ్ళు, పాదాలు, మూత్రపిండాలు పరీక్షించి, ముగ్గురి రక్తాన్నీ జన్యు పరీక్షకు పంపింది. ఫలితానికి నెలలు పట్టింది. గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ రక్తంలో చక్కెర ఎంతుందో కనిపెట్టి, ఇన్సులిన్ వదలాల్సిన వేళ ఒంటికి తెలియజేస్తుందట. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువులో ముగ్గురికీ ఒకే చిన్న మార్పు ఉంది. అందువల్ల చక్కెర ఇంకాస్త పెరిగితే తప్ప అది కదలదు. మా ఆయన వెంటనే అందుకున్నాడు.

"ట్యాంకులో ఫ్లోటు రవంత పైకి కట్టినట్ల, అంతేనా మేడమ్? నీళ్ళు పైన నిలబడతాయి గానీ పొర్లవు."

సరిగ్గా అంతేనంది. మాత్రలు మాన్పించింది. అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోమని, రేపు కడుపుతో ఉన్నప్పుడు మాత్రం డాక్టరుకు ముందే చెప్పమని చౌడేశ్వరికి చెప్పింది. పీఈటీ సారుతో ఫోన్లో తనే మాట్లాడింది.

మరుసటి ఏడాది పోటీలు అనంతపురంలోనే జరిగాయి. అత్త వస్తానని పట్టుబట్టింది. పరుగుకు ముందు సారు భయపడుతూ వచ్చి, ఏమన్నా తిన్నావా అని చౌడేశ్వరిని అడిగాడు.

"ఏమీ తిన్లేదు సార్."

సారు ముఖం పాలిపోయింది. అత్త నవ్వింది.

"తాగిందిలేప్పా. నా మనవరాలు గదా."

చివరి మలుపులో ముగ్గురు దాని ముందున్నారు. గీత దాటేసరికి ముందు ఒక్కతే మిగిలింది. అత్త లేచి నిలబడి, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడకు చెబుతోంది, అది మా ఇంటి ఒళ్ళేనమ్మా అని.