వెనక మెట్ల తలుపు

బట్టల ఫ్యాక్టరీ మూడో అంతస్తులో వెనక మెట్ల తలుపుకు మళ్లీ తాళం పడిందని అక్కడి ఆడవాళ్లందరికీ తెలుసు. ఏడాది కిందట మంటలు లేచిన రోజున ఆ తాళమే పదకొండు మందిని పొట్టన పెట్టుకుంది. వాళ్లలో ఒకతి, అక్కడ బట్టలు ఇస్త్రీ చేసే, అందరూ ఇస్త్రీ అక్క అని పిలిచే ఆమెకు చెల్లెలు. ఆ వారమంతా కెమెరాలు ఈగల్లా ముసిరాయి. యజమాని కొత్త తలుపు పెట్టించి, దాని ముందు నిలబడి ఫొటో దిగాడు. ఆ ఫొటోతో వార్త అయిపోయింది. తర్వాత తలుపుకు అడ్డంగా బట్టల మూటలు పేర్చారు. దొంగల భయమని తాళం వేశారు. నోరెత్తితే రేపటి నుంచి పని ఉండదు. అందుకే ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఒక్క విలేకరమ్మ వచ్చింది. అందరూ వదిలేసిన వార్తల దగ్గరికి ఏడాదికో రెండేళ్లకో తిరిగి వెళ్లే పత్రిక ఆమెది. పక్కనే సూపర్‌వైజర్ కాపలా నిలబడ్డాడు.

"ఆ తర్వాత ఏమైంది?" ఆమె అడిగేది అదొక్కటే.

"అంతా బాగుందమ్మా," అంది గుండీలు కుట్టే వదిన, అప్పజెప్పినట్టు.

"విన్నారుగా మేడం! మానిన పుండు కెలకడం ఎందుకు?" సూపర్‌వైజర్ నవ్వాడు.

విలేకరమ్మ ఆ పాత ఫొటో తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. "ఈ తలుపు ఒకసారి చూపిస్తారా అక్కా?"

ఇస్త్రీ అక్క చేతిలోని ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ఆగింది. చెల్లెలి పిల్లలిద్దరూ ఇప్పుడు ఆమె రెక్కల మీదే బతుకుతున్నారు. చూపిస్తే పని పోతుంది. ఆలోచిస్తూ పెట్టె ఎత్తడం మరిచిపోయింది. చొక్కా కమిలిన వాసన గుప్పుమంది.

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తలలన్నీ మూటల వైపే తిరిగాయి.

"ఏం లేదు! కుట్టండి!" సూపర్‌వైజర్ అరిచాడు.

"కుడతాంలేవయ్యా. ముందు ఆ తాళంచెవి ఇటివ్వు," అంది ఇస్త్రీ అక్క.

"నా దగ్గర లేదు."

"మేం బూడిదయ్యాక తెస్తావా?" గుండీల వదిన లేచింది. "రండే, మూటలు పట్టండి!"

మూటలు చేతులు మారాయి. సూపర్‌వైజర్ అడ్డొచ్చాడు. "జరుగు నాయనా, మూటనుకుని నిన్నూ అందించేస్తాం," అంది ఓ ముసలమ్మ. మిషన్లు బాగుచేసే బాబాయి స్క్రూడ్రైవర్‌తో బందులు విప్పాడు. తలుపు రెక్కను ఊడదీసి కిందికి మోసుకుపోయారు. రెక్కే లేకపోతే యజమాని తాళం దేనికి వేస్తాడు?

సాయంత్రానికి పోలీసులు వచ్చారు. ఎవరు మొదలుపెట్టారని అడిగితే ఇస్త్రీ అక్క ముందుకొచ్చింది.

"పిల్లల సంగతి మేం చూసుకుంటాం, నువ్వు దిగులుపడకు," అంది గుండీల వదిన.

పోలీసులు ఎక్కించిన వ్యాన్ జాలీలోంచి ఇస్త్రీ అక్క పైకి చూసింది. ముందు గేటు బార్లా తెరిచే ఉంది. ఒక్కరూ అటు రాలేదు. వెనక మెట్ల మీదుగా, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, అందరూ దిగుతున్నారు. ముందు దిగినవాళ్లు అప్పటికే వ్యాన్‌కు అడ్డంగా కూర్చున్నారు.