తినని తేనె

ముందే ఒప్పుకుంటున్నాను: తేనె నేను తినలేదు. తిన్నానని మాత్రం అందరి ముందూ చెప్పాను.

మా మఠంలో రోజూ పొద్దున ప్రార్థన కాగానే అందరం పెద్దగదిలో గోడవారన కూర్చుంటాం. ఒక్కొక్కరే మధ్యలోకి వచ్చి మోకరించి, నిన్న చేసిన తప్పు చెప్పాలి. కుండ పగలగొట్టాను, కీర్తన మధ్యలో నవ్వాను, ఇలాంటివి. తప్పేమీ చేయలేదంటే అది గర్వం. గర్వం అన్నిటికంటే పెద్ద పాపం. ఏడేళ్ళప్పుడు నాన్న నన్ను ఇక్కడ అప్పగించి వెళ్ళాడు. పదమూడేళ్ళయినా ఈ తిరకాసు నాకు అంతుపట్టలేదు.

ఆ మంగళవారం నా దగ్గర ఏ తప్పూ లేదు. నా పని పుస్తకాలకు నకలు రాయడం. రాయడానికి తోలు గీకి నునుపు చేయడం, గీతలు కొట్టడం, సిరా కాచడం అన్నీ నేర్పారు. ముందురోజంతా రాస్తూనే ఉన్నాను, ఒక్క అక్షరమూ తప్పు రాయలేదు. ఆ మాట అక్కడ చెబితే ఇంకేమైనా ఉందా? నా వంతు రాగానే నోటికి వచ్చింది అనేశాను: కొట్టుగదిలో దొంగతనంగా తేనె తిన్నానని.

అందరూ నావైపు తిరిగారు. తేనె నిజంగానే పోయిందని నాకేం తెలుసు? జాడీ సగం ఖాళీ అట. వంటింట్లో పనిచేసే గిస్లానే తీసిందని అనుకుని, ఆ పొద్దునే ఆమెను పంపేయబోతున్నారట.

"నువ్వా?" అన్నారు మా మఠానికి పెద్ద అయిన మదర్ యూటా. "ఆ పిల్ల మూట కూడా కట్టుకుంది కదే తల్లీ."

గిస్లా మూటతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు ఎవరూ లేరు. బయట మోకాళ్ళ లోతు మంచు. నన్ను చూసి వెంటనే కళ్ళు దించుకుంది. తేనె ఎవరు తీశారో ఆ క్షణంలోనే అర్థమైంది. నోరు తెరవబోయి మూసుకున్నాను.

నలభై రోజులు రొట్టె, నీళ్ళు అని శిక్ష వేశారు.

శనివారం పాపసంకీర్తనంలో, మా పాపాలు చాటుగా విని క్షమాపణ ఇచ్చే ఫాదర్ లాంబెర్ట్‌కు అంతా చెప్పాను. అక్కడ విన్న మాట ఆయన బయట చెప్పకూడదు కాబట్టి గిస్లాకు భయం లేదు. నియమమే నన్ను తోసింది, ఇందులో నా ఇష్టం ఎక్కడుందని అడిగాను.

"కోరిక పుట్టడం పాపం కాదు తల్లీ. దానికి నువ్వు సరే అనడం పాపం," అన్నారు. "మొదటిసారి నోరు జారిందే అనుకుందాం. ఇప్పుడు నీ నోరు ఎవరు మూశారు?"

"నిజం చెప్పి ఆమెను మంచులోకి పంపమంటారా?"

ఆయన చాలాసేపు దగ్గారు. అబద్ధం అబద్ధమేననీ, అది విప్పేదాకా క్షమాపణ ఇవ్వలేననీ చెప్పి, "ఇష్టం నీది," అన్నారు.

ఇష్టం అనే తాళంచెవి నా చేతిలో పెట్టారు. తలుపు ఎక్కడుందో ఆయనకూ తెలియదు. తిరిగి వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాను. అప్పుడు రాస్తున్న పుస్తకంలో, మనిషి ఇష్టాన్ని ఎవరూ బలవంతం చేయలేరని ఉంది. అందంగా రాశాను.

పన్నెండో రోజు గిస్లా నా ముందు రొట్టె పెట్టింది. మధ్యలో చీల్చి, లోపల తేనె పూసింది.

"మిగిలింది ఎక్కడ దాచావే?" అని గొణిగాను.

"చెబితే రేపు అది కూడా నీ మీదే వేసుకుంటావక్కా. తిను."

పక్కకు నెట్టేయొచ్చు. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. ఆకలి ఉంది, నిజమే, కానీ ఆకలి వేరు, సరే అనడం వేరు. లోపల స్పష్టంగా సరే అనుకున్నాను. తిన్నాను. చాలా బాగుంది.

మర్నాడు పొద్దున మొదటిసారి నా దగ్గర అసలైన పాపం ఉంది. చెబితే తేనె ఎక్కడిదని అడుగుతారు. మోకరించి, కీర్తన మధ్యలో నిద్రపోయానని చెప్పాను. మదర్ యూటా తృప్తిగా తలూపారు.

ఇదంతా ఆ పుస్తకం చివరి ఆకు మీదే రాస్తున్నాను. దీన్ని చదివేవాళ్ళు, మళ్ళీ నకలు రాసేవాళ్ళు ఎవరో ఒకరు వస్తారు. చేయని తప్పు మీరూ ఎప్పుడో ఒప్పుకునే ఉంటారు. కింద నాలుగు వేళ్ళ జాగా వదిలాను. మీది రాయండి. చాలకపోతే నా మాటలు గీకేసి, వాటి మీదే రాయండి.