మేనత్త వాటా

సేమిసి ఊళ్ళో దిగేసరికే పందులు పొయ్యిగుంటలో మగ్గుతున్నాయి. ఫ్రాన్స్‌లో రగ్బీ ఆడే బిడ్డ ఇంటికొస్తే హాపయి దీవిలో విందు తప్పదు. విందంటే చాపల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. అక్కడే వచ్చింది చిక్కంతా. డాక్టర్లు మూడుసార్లు కోసి కుట్టిన కుడిమోకాలు ఇప్పుడు ముడవమంటే ముడవదు. పెద్దల ముందు కాలు చాపితే అంతకన్నా అప్రతిష్ఠ లేదు. అందుకని పక్కకి ఒదిగించిన కాలిమీదికి చాప అంచు లాక్కుని, నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

అంతకుముందే తండ్రి ఐసేయ చెవిన వేసి చూశాడు.

"నాన్నా, ఇక ఆడలేను. డాక్టరు కూడా చాలన్నాడు."

"డాక్టరుకేం, ఎన్నయినా చెప్తాడు. మన చర్చి పైకప్పుకి డబ్బు వాడిస్తాడా? ఇంకొక్క ఏడాది ఆడరా!"

"పోయినేడూ ఇదే అన్నావు."

"అది పోయినేటి మాట."

విందులో పాస్టరుగారు లేచి గొంతు సవరించుకున్నారు. "దేవుడు మన సేమిసికి కొండంత ఒళ్ళు ఎందుకిచ్చాడు? మన చర్చికి కప్పు కావాలి గనక!" అందరూ ఆమెన్ అన్నారు. ఆ కప్పేదో దేవుడే నేరుగా వేయించవచ్చు కదా అని ఒక్కరికీ తోచలేదు. సేమిసి కూడా ఆమెన్ అన్నాడు, ఏం చేస్తాడు పాపం.

అందరికన్నా ఎత్తుగా, చాపల దొంతి మీద మేనత్త మెలెనైటే కూర్చుని ఉంది. ఐసేయకు అక్క. అక్కడి ఆచారంలో అక్క ముందు తమ్ముడు తల ఎత్తకూడదు, మేనత్త అడిగింది మేనల్లుడు కాదనకూడదు. సేమిసి వచ్చినప్పుడల్లా అతని పెట్టె ఆవిడే తెరిచేది, మిడతల దండు దిగినట్టే. టీవీ పోయింది, గడియారం పోయింది, ఒకసారి పళ్ళపొడి కూడా పోయింది. ఈసారి పెట్టె ఎదుటే పెట్టినా ఆవిడ ముట్టలేదు.

"ఒరేయ్, ఆ చాప కింద ఏం దాస్తున్నావ్?"

"ఏం లేదత్తా."

"తియ్యి ముందు!"

తీశాడు. మోకాలు కొబ్బరికాయంత వాచి ఉంది.

"నొప్పిగా ఉందా?"

ఎప్పుడాడతావు, ఎవరితో ఆడతావు అని అడిగినవాళ్ళే గానీ, ఈ మాట ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరూ అడగలేదు. అంతటి మనిషికి కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఓర్చుకోలేకపోతున్నానత్తా," అన్నాడు.

మెలెనైటే అందరికీ వినబడేలా చెప్పింది. "ఈసారి నాకు పెట్టె వద్దు. ఈ మోకాలు నాది. నా సొమ్ము ఎవడి ఆటకీ అరువివ్వను."

ఐసేయ నోరు తెరవబోయి, అక్క మొహం చూసి తల వంచుకున్నాడు. పాస్టరుగారే ఆశ చావక, "మరి రెండోదమ్మా?" అన్నారు.

"అదీ నాదే. నా పెండలం తోటలో పందులు పడుతున్నాయి. రేపట్నుంచి వీడు గట్టుమీద కూర్చుని తోలుతాడు. మీకు కప్పు కావాలంటే మీ మోకాళ్ళు తీసుకెళ్ళండి ఫ్రాన్స్‌కి!"

ఎవరో కిసుక్కుమన్నారు. అత్త సేమిసి వైపు తిరిగి, "ఇంకా పక్కకి ఒదిగించుకుంటావేంరా? బార్లా చాపుకో!" అంది.

సేమిసి కాలు చాపాడు, తిన్నగా పాస్టరుగారి మీదికి. తప్పని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అది మెలెనైటే కాలు మరి. పాస్టరుగారే కొంచెం వెనక్కి జరిగి చోటిచ్చారు.