తప్పు లేని బ్రేకు

ఆ ఫ్రెంచి కారుకు ఇరవై రెండేళ్లు. ఒక సంసారం మొత్తం సామానుతో సహా పట్టే పొడుగాటి బండి. వాన రోజున అద్దం దానంతటదే దిగిపోయేది. ఏ జబ్బూ లేకపోయినా స్టీరింగ్ ముందు ఎర్రలైటు వెలిగి కంగారు పెట్టేది. ఒకసారి దొంగ అని పేరు పడ్డాక ఏది పోయినా వాడి మీదికే వస్తుంది కదా, సర్వేయరు గారింట్లో ఎవరికి ఎక్కడ ఆలస్యమైనా నింద కారు మీదే పడేది.

దాని గుట్టు తెలిసినవాడు మెకానిక్ ఒక్కడే. పద్దెనిమిదేళ్లుగా దాని మంచీచెడూ అతనే చూస్తున్నాడు. లైట్లు అబద్ధమాడతాయి గానీ ఇంజనూ బ్రేకులూ ఏనాడూ మాట తప్పలేదు.

అందుకే, రిటైరైన సర్వేయరు గారు ఒక ఉదయం వచ్చి బ్రేకు పట్టడం లేదన్నప్పుడు అతనికి నమ్మబుద్ధి కాలేదు. ఆయన సొంత ఇంటి ప్రహరీకే గుద్దుకుని వచ్చారు. మెకానిక్ నాలుగు చక్రాలూ విప్పాడు, బ్రేక్ ఆయిల్ మార్చాడు, పైపుల పొడుగునా వేలితో తడిమాడు. తప్పు దొరకలేదు. మూడు వారాలకు కారు బడి గేటు స్తంభాన్ని గుద్దింది. అప్పటికింకా పిల్లలు బయటికి రాలేదు. ఈసారి ఆయన కూతురు ఫోన్ చేసి నిష్ఠూరమాడింది. తన పాప రోజూ ఆ కారులోనే ఇంటికి వస్తుందనీ, రేపు ఏదైనా జరిగితే ఎవరు పూచీ అనీ అడిగింది.

మళ్ళీ విప్పాడు. మళ్ళీ ఏమీ లేదు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మెదిలింది గానీ, పొలం గట్టు కొలిస్తే వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషిని అలా అనుకున్నందుకు తనను తానే తిట్టుకున్నాడు. ఆయన్నే నడపమని పక్కన కూర్చున్నాడు.

రెండు వీధులు చక్కగా నడిపారు. మూడో వీధి మలుపులో ఒక ముసలావిడ రోడ్డు దాటుతోంది. ఇంజను ఒక్కసారిగా గర్జించింది. మెకానిక్ హ్యాండ్‌బ్రేకు లాగాడు. కారు ఆమెకు మూరెడు దూరంలో ఆగింది.

“చూశావా అబ్బాయ్, పట్టడం లేదు,” అన్నారు సర్వేయరు గారు.

మెకానిక్ కిందికి చూశాడు. ఆయన కుడికాలు యాక్సిలరేటరు మీదే ఉంది. ఇంకా గట్టిగా తొక్కుతూనే ఉంది.

ఆ మాట ఆయన మొహం మీద అనడానికి నోరు రాలేదు. మింగలేక కక్కలేక, చివరికి అబద్ధం ఆడాడు. బ్రేకుల్లో ఒక భాగం పాడైందనీ, అది ఇప్పుడు ఎక్కడా తయారు కావడం లేదనీ, ఇక ఈ బండి రోడ్డెక్కకూడదనీ చెప్పాడు. ఆయన తలూపి, తాళం బల్ల మీద పెట్టి, నడిచి వెళ్ళిపోయారు. ఏ తప్పూ చేయని బండిని షెడ్డు వెనక్కి తోయడానికి మెకానిక్‌కు మనసొప్పలేదు. అయినా ఒక గండం గడిచిందనుకున్నాడు.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం కూతురు స్వయంగా వచ్చింది. మొహం తేటగా ఉంది.

“నువ్వు చెప్పబట్టి బతికిపోయాం అన్నయ్యా. నాన్నకి కొత్త కారు కొన్నాం. క్లచ్ గొడవ లేకుండా, కాలి కింద రెండే పెడళ్లుండే ఆటోమేటిక్ తీసుకున్నాం. ఇవాళే మొదటిసారి, పాపని తీసుకురావడానికి వెళ్ళారు.”

మెకానిక్ చేతిలోని స్పానరు కింద పెట్టాడు. తాను చూసిందంతా చెప్పాడు. ఆమె నమ్మలేదు. తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత గడియారం చూసుకుని, అతని వ్యాను ఎక్కింది.

బడి దారంతా పిల్లలే. ఒక్కో మలుపు తిరిగినప్పుడల్లా ఆమె సీటు అంచు పట్టుకుంటోంది. చివరి కూడలి దగ్గర ఎర్రలైటు పడి ఉంది. కొత్త కారు గీతకు ఇవతలే, బుద్ధిగా ఆగి ఉంది. మెకానిక్ వ్యాను పక్కన ఆపి పరుగెత్తాడు. వెనక తలుపు అద్దం దించి ఉంది. ఏడేళ్ల పాప ముందుకు వంగి, తాతగారి భుజం మీద చెయ్యి వేసి ఉంది.

“ఎడమదే తాతయ్యా. వదలకు. నేను చెప్పేదాకా వదలకు.”

తల్లి కారు తలుపు పట్టుకుని, ఎప్పటినుంచి ఇలా అని అడిగింది. పాప తాతయ్య వైపు చూసింది. చలికాలం నుంచి, అంది. “పాత కారులో నడిమిది అని చెప్పేదాన్ని. నేను లేనప్పుడే గుద్దాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు.”

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మోగాయి. సర్వేయరు గారు మెకానిక్ వైపు తిరిగారు.

“దీన్లో కూడా బ్రేకు పోయిందంటావా అబ్బాయ్?”

“లేదండీ. దాంట్లోనూ పోలేదు.”

ఆయన స్టీరింగ్ వదల్లేదు. మెకానిక్ లోపలికి చెయ్యి చాపి గేరు పార్కింగ్‌లో పెట్టాడు. అప్పుడు ఆయన దిగి, ఎవరి సాయమూ లేకుండా వెనక తలుపు తీసుకుని, మనవరాలి పక్కన కూర్చున్నారు. కూతురు ముందు సీట్లోకి వచ్చింది. పాపకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. కారు కదిలేముందు ముందుకు వంగి, అమ్మ కాలు ఎక్కడుందో చూసింది.