ఆఖరి అంకె

చుట్టూ ఇంత జనం ఉండి కూడా నోరు విప్పి మాట్లాడే దిక్కు లేకపోతే ఎలా ఉంటుందో హాజరాను అడగాలి. కరీంనగర్ పిల్ల. 1999లో అందరూ కంప్యూటర్లంటూ విమానాలెక్కుతుంటే తనూ ఎక్కి సింగపూర్‌లో దిగింది. బెడోక్‌లో ఒక చైనీస్ దంపతుల ఫ్లాట్‌లో గది దొరికింది. వాళ్ళు మంచివాళ్ళే, కానీ తెల్లారకముందే తమ నూడుల్స్ కొట్టుకు వెళ్ళి రాత్రికి గాని తిరిగిరారు. ఎదురుపడితే ఒక నవ్వు, అంతే. ఇంటి నుంచి ఫోన్ వస్తే పెళ్ళి సంబంధాల గోల తప్ప వేరే మాట ఉండదు. తొమ్మిది నెలలు ఇలాగే గడిచాయి.

ఆఫీసులో పనేమో ఫిలడెల్ఫియా మేయర్ ఎన్నికది. అక్కడి వెబ్‌సైట్ ఒకటి ఓట్ల లెక్క ఎప్పటికప్పుడు చూపిస్తానంది. వాళ్ళకు రాత్రయితే మనకు పగలు కదా, ఆ అంకెలు ఎక్కించే పని ఇక్కడికొచ్చి పడింది. పోలింగ్ కేంద్రం దగ్గర నిలబడ్డవాళ్ళు ఫోన్ చేసి అంకె చెబుతారు. ఇక్కడివాళ్ళు టైప్ చేసి, మళ్ళీ చదివి వినిపించాలి. అక్టోబర్‌లో మూడు బుధవారాలు ఉత్తుత్తి అంకెలతో రిహార్సల్ చేశారు.

మొదటి రోజే ఒక చిత్రం జరిగింది. హాజరా ఇంగ్లీషులో చదివి వినిపిస్తూ, నోట్లోనే "నాలుగు వందల పన్నెండు" అని గొణుక్కుంది. అవతలి గొంతు ఎగిరి గంతేసింది.

"అమ్మో, తెలుగుపిల్లవా! ఏ ఊరమ్మా మీది? తిన్నావా?"

ఆవిడ పేరు కోటేశ్వరి. గుడివాడ నుంచి నర్సుగా వెళ్ళి ముప్పై ఏళ్ళయిందట, ఇప్పుడు రిటైరయి ఒక్కతే ఉంటోందట. ఈ తొమ్మిది నెలల్లో తిన్నావా అని హాజరాను అడిగిన మొదటి మనిషి ఆవిడే.

తర్వాతి రెండు వారాలూ ఆ రెండేసి నిమిషాల కోసమే బతికింది. ఫోన్ చేసేవాళ్ళ నంబర్లు ఇక్కడివాళ్ళకు ఇవ్వరు. ఎన్నిక అయిపోతే ఆ లైనే ఉండదు. మరి ఆంటీ నంబర్ అడగొచ్చుగా? అడగదు, మొహమాటం! ఆ మొహమాటమే ఆమె కొంప ముంచింది. చివరి రిహార్సల్‌లో ఆవిడే అంది: "ఓట్ల రోజు సాయంత్రం ఏడింటికి చేస్తా. పోలింగ్ ముగిసేదాకా గంటసేపు ఖాళీయే, తీరిగ్గా కబుర్లు చెప్పుకుందాం." అప్పుడు నంబర్లు ఇచ్చిపుచ్చుకోవచ్చని హాజరా సంబరపడింది. లెక్క సులువే. అక్కడ సాయంత్రం ఏడంటే ఇక్కడ పొద్దున ఏడు. మూడు వారాలూ అలాగే జరిగింది.

నవంబర్ మూడు, బుధవారం. ఆరున్నరకే వచ్చి కూర్చుంది. ఏడయింది. ఏడుంపావు, ఏడున్నర. ఫోన్ ఉలకదు, పలకదు. ఆంటీ మరిచిపోయింది. పెద్దవాళ్ళు మాటవరసకు అంటారు, నమ్మినదాన్ని నేను పిచ్చిదాన్ని, అనుకుంది. కళ్ళలో నీళ్ళు ఎవరైనా చూస్తారని కిందికి వెళ్ళి, టీ ముందు పెట్టుకుని కూర్చుంది.

ఎనిమిదింపావుకు పైకి వచ్చేసరికి సూపర్‌వైజర్ రవీంద్రన్ ఆమె సీటు దగ్గర ఉన్నాడు. మలేషియాలో పుట్టిన తెలుగువాడు, తిండిని మకాన్ అంటాడు, మాట చివర లా తగిలిస్తాడు.

"ఎక్కడ పోయావ్ హాజరా? మకాన్ కోసమా? మీ ఆంటీ ఫోన్ చేసింది లా. పది నిమిషాలు లైన్లోనే ఉండింది, పాపం."

"ఏడింటికి చేస్తనన్నది గద సార్!"

"అక్కడ ఏడింటికే చేసింది. మొన్న ఆదివారం, చలికాలం వస్తుందని, వాళ్ళ గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నారు. ఇప్పుడు తేడా పదమూడు గంటలు."

గడియారం వెనక్కి తిప్పడమేమిటి! కరీంనగర్‌లో ఎవరైనా తిప్పారా? సింగపూర్‌లో తిప్పారా? హాజరా కుర్చీలో కూలబడింది. ఆంటీ మరిచిపోలేదు. మరిచిపోయింది తనేనని ఆవిడ అనుకుంటుంది.

తొమ్మిది దాటాక ఫోన్లు విరుచుకుపడ్డాయి. ఎన్నో ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఇంత గట్టి పోటీ లేదట. లైన్లు చాలక ఒక్కో ఫోన్‌కు తొంభై సెకన్లే అన్నాడు రవీంద్రన్, ఆపైన దానంతటదే కట్టవుతుంది. తొమ్మిదిన్నరకు ఆ గొంతు వచ్చింది. ఇంగ్లీషులో, పొడిపొడిగా, వార్డు నంబరు, ఇద్దరు అభ్యర్థుల ఓట్లు. హాజరా టైప్ చేసి తిరిగి చదివింది. సరిపోయింది.

"థాంక్యూ, ఆపరేటర్," అంది ఆవిడ.

ఆపరేటర్! ఆ మాటకు హాజరా మొహమాటం ఎగిరిపోయింది.

"ఆంటీ, నేను టైమ్ తప్పు లెక్కవెట్టిన! ఏడింటికెల్లి మీకోసమే కూసున్న! మా ఇంటి నంబర్ రాస్కోండ్రి. నాలుగు, నాలుగు, ఎనిమిది..."

"ఉండు తల్లీ, పెన్ను..." ఏదో కింద పడ్డ చప్పుడు. "ఆ, చెప్పు. నాలుగు, నాలుగు, ఎనిమిది..."

"ఒకటి, మూడు, సున్నా..."

లైన్ తెగింది. ఏడంకెల నంబర్‌లో ఆరే వెళ్ళాయి.

ఎవరో కొద్ది వేల ఓట్ల తేడాతో మేయరయ్యాడు. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. హాజరా కూడా కొట్టింది.

సాయంత్రం ఫ్లాట్‌కు వచ్చి హాల్లో ఫోన్ ముందు కూర్చుంది. ఆఖరి అంకె అయిదు. ఆంటీకి అది తెలియదు, పట్టుదలగల మనిషయితే పదీ ప్రయత్నిస్తుంది. అందుకని హాజరా మిగతా తొమ్మిది నంబర్లకూ వరసగా ఫోన్ చేయడం మొదలుపెట్టింది. అమెరికా నుంచి ఒక ఆంటీ హాజరా అని అడిగితే, దయచేసి ఆఖర్న అయిదు అని చెప్పండి. ఒకాయన రాంగ్ నంబర్ అని పెట్టేశాడు. ఒకావిడ పోలీసులకు చెబుతానంది. ఇద్దరు నవ్వారు. మూడు ఫోన్లు మోగి మోగి ఊరుకున్నాయి. ఒక పిల్లాడు "ఓకే లా" అని అంకె రాసుకున్నాడు.

తొమ్మిదో నంబర్‌లో ఒక మలయ్ ముసలమ్మ. అంతా విని, సరే, చెబుతాలే అంది. ఆగి, "నువ్వు మకాన్ చేశావా?" అని అడిగింది.

"ఇంకా లేదు ఆంటీ," అంది హాజరా, ఏడుపు ఆపుకోకుండానే.

అన్నం కంచంలో పెట్టుకుని వచ్చి, ఫోన్ పక్కనే నేలమీద కూర్చుని తింది. ఈసారి పదమూడు గంటలు తీసేసి లెక్కపెట్టుకుంది. అక్కడ ఇంకా తెల్లారలేదు.